రోలూ, రోకలీ, ముద్గరమూ

క్రీ. శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఆ నగరపు వీథులను, అంగళ్ళను, నవరాత్రి ఉత్సవాలను విస్తారంగా వర్ణించి, ఒకచోట శ్రీకృష్ణదేవరాయల దినచర్యను కూడ వ్రాసిపెట్టినాడు. రాయలు తెల్లవారక పూర్వమే లేచి ముప్పాతిక పైంటు నువ్వుల నూనె త్రాగేవాడట. ఆ నూనెనే ఒడలంతా పట్టించుకొని, నడుమునకు చిన్న వస్త్రం చుట్టుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడట. తరువాత కత్తి పట్టి, త్రాగిన నూనె అంతా చెమటగా వెలువడేదాక సాము చేసి, తన జెట్టిలలో ఒకనితో కుస్తీ పట్టి, ఆపైన గుఱ్ఱమెక్కి మైదానంలో పరుగులు తీయించి, ప్రొద్దు పొడిచే వేళకు స్నానానికి లేచేవాడట.

ఈ వర్ణన చదివినప్పుడెల్లా నాకు విస్మయం కలిగించేది రాయల బలం కాదు. ఆ పనుల వరుస. మొదట నూనె, ఒంటికి వేడి. తరువాత బరువు. ఆ తరువాత కత్తి. కత్తిసాములో చేయి అన్ని దిక్కులకూ తిరుగుతుంది. అప్పటికి గాని ప్రత్యర్థి ఎదుటికి రాడు. ఈ నాలుగింటిలోను ముఖ్యంగా పని చేసేది భుజం. ఆముక్తమాల్యదను రచించిన ఆ చేయి ప్రతి ఉదయమూ ఇంత క్రమశిక్షణ పొందినదన్నమాట. ఈనాటి వైద్యుడు ఎవరైనా ఈ దినచర్యను చూస్తే నూనె మోతాదును తగ్గించమని అంటాడేమో గాని, వరుసను మార్చమని అనడు.

మన భాషలో భుజానికి ఉన్న గౌరవం తక్కువది కాదు. బలమంటే భుజబలమే. మెచ్చుకొంటే భుజం తడతాము. బాధ్యత వచ్చినప్పుడు భుజాన వేసుకొంటాము. గుమ్మడికాయల దొంగ ఎవరంటే తడుముకొనేది కూడ భుజాలనే. కాయకష్టం చేసే మనిషి తన బ్రతుకునంతా ఒక్క సామెతలో చెప్పుకొంటాడు: రెక్కాడితేగాని డొక్కాడదు. ఈ సామెతలోని రెక్క అనే మాట ఎంత సార్థకమో గమనించండి. పక్షికి రెక్క ఏ కీలుమీద ఆడుతుందో మనిషికి చేయి ఆ కీలుమీదనే ఆడుతుంది. వీపున త్రిభుజాకారంగా ఉండే పలుచని ఎముకను మనవారు రెక్క ఎముక అనే అన్నారు.

ఈ కీలు నిర్మాణాన్ని కొంచెం తెలుసుకొంటే గాని దీని చరిత్ర బోధపడదు. తుంటికీలును చూడండి. తొడఎముక తల లోతైన గిన్నెలో దిగి కూర్చున్నది. అందుచేత అది సామాన్యంగా జారదు. అందుచేతనే దాని తిరుగుడు కూడ మితం. భుజం సంగతి వేరు. దండచేతి ఎముక తల పెద్దది, గుండ్రనిది. దానిని పట్టవలసిన గుంట చిన్నది, లోతు లేనిది. ఏ క్షణంలో చూచినా ఆ తలలో సుమారు మూడవవంతు మాత్రమే గుంటను ఆనుకొని ఉంటుంది. చెంచాలో నిమ్మపండును నిలిపినట్లన్నమాట. పోనీ, ఆ గుంట ఉన్న రెక్క ఎముక అయినా మొండేనికి గట్టిగా అతికినదా అంటే అదీ లేదు. మెడ క్రింద అడ్డంగా ఉండే జత్రువు అనే సన్నని ఎముక ఒక్కటే దానికి లంకె. మిగిలినదంతా కండరాలమీద వ్రేలాడే కాపురం.

ప్రకృతి ఇక్కడ ఒక బేరం చేసినది. స్థిరత్వాన్ని ఇచ్చి స్వేచ్ఛను కొన్నది. మన శరీరంలో ఇన్ని దిక్కులకు తిరిగే కీలు మరొకటి లేదు. పెద్ద కీళ్ళలో ఇంత సులభంగా జారే కీలూ మరొకటి లేదు. నిమ్మపండు చెంచాలోనుంచి దొర్లిపోకుండ కాపాడేవి నాలుగు చిన్న కండరాలు. అవి రెక్క ఎముకనుంచి బయలుదేరి, నాలుగు వ్రేళ్ళు బంతిని పట్టినట్లు దండచేతి ఎముక తలను ముందునుంచి, పైనుంచి, వెనుకనుంచి పట్టుకొంటాయి. పైకి కనబడి మనిషికి అందమిచ్చే పెద్ద కండరం చేతిని ఎత్తుతుంది. ఈ చిన్నవి ఎముక తల గుంట మధ్యలోనుంచి తొలగకుండ చూస్తాయి. అద్దం ముందు నిలిచి జబ్బలు చూచుకొనేవారికి ఇవి కనబడవు. కనబడని దానికి సాధన చేయించాలని ఎవరికి తోస్తుంది? భుజాల కష్టాలలో చాలభాగం ఇక్కడనే పుట్టినది.

రెక్క ఎముకకు కూడ ఇందులో పాలు ఉన్నది. ఇన్మన్, సాండర్స్, ఆబట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు 1944లో కాలిఫోర్నియాలో చేసిన పరిశోధన ప్రకారం, చేతిని ప్రక్కనుంచి నెత్తిమీదికి ఎత్తేటప్పుడు ఆ మొత్తం కదలికలో సుమారు రెండువంతులు భుజకీలులో, ఒకవంతు రెక్క ఎముక వీపుమీద జరగడంవలన సిద్ధిస్తాయి. గంటలకొద్దీ ముందుకు వంగి కూర్చొనేవారి రెక్క ఎముక బిగుసుకొంటే, ఆ ఒకవంతు భారమూ కీలుమీదనే పడుతుంది.

ఇక మన ప్రాచీనులు ఈ కీలును ఏమని గ్రహించినారో చూద్దాం. సుశ్రుతుడు శారీరస్థానంలో కీళ్ళను ఎనిమిది జాతులుగా విభజించి, చంకలోని కీలును, గజ్జలోని కీలును, దంతాల మూలాలను ఒక జాతిలో చేర్చి, వాటికి ఉలూఖలసంధులని పేరు పెట్టినాడు. ఉలూఖలమంటే రోలు. రోలులో రోకలి అన్ని వైపులకూ తిరిగినట్లు గుంటలో ఎముక తిరుగుతుందని ఆయన భావం. తుంటి రోలు లోతైనది, భుజపు రోలు లోతు తక్కువది అన్న భేదాన్ని ఆ పేరు చెప్పదు గాని, పోలిక మాత్రం చక్కనిది. ఇంతకంటె విశేషం చికిత్సాస్థానంలో ఉన్నది. గూడ జారినప్పుడు చంకక్రింద రోకలిని పెట్టి పైకి ఎత్తవలెనని, ఎముక స్వస్థానానికి చేరిన పిమ్మట స్వస్తికబంధమనే కట్టు కట్టవలెనని ఆయన విధించినాడు. అంటే రోలు తప్పిన ఎముకను తిరిగి రోలులో దించడానికి రోకలే సాధనం!

చిత్రమేమంటే, గ్రీసుదేశంలో హిపోక్రటీసు పేరుమీద ప్రచారంలో ఉన్న కీళ్ళ గ్రంథంలోను ఈ రోకలి కనబడుతుంది. భుజం జారినవానికి మడమతో చంకలో ఊత ఇచ్చి లాగడం మొదలైన పద్ధతులు అనేకం చెప్పి, రోకలికి మెత్తని గుడ్డ చుట్టి చంకలో పెట్టి ఎముకను సరిచేసే పద్ధతిని కూడ ఆ గ్రంథకర్త వివరించినాడు. దీనిని బట్టి ఎవరు ఎవరివద్ద నేర్చుకొన్నారనే వాదంలోకి నేను దిగను. రోకలి రెండు దేశాల ఇండ్లలోను ఉన్నది. భుజాలు రెండు దేశాలలోను జారినవి. ఆపదలో ఉన్నవాడు మొదట చేతికందిన వస్తువునే పట్టుకొంటాడు గదా! ఒక్కమాట మాత్రం చెప్పక తప్పదు. చంకలోనుంచి చేతికి పోయే నరాలు, రక్తనాళాలు ఆ ఎముకకు ఆనుకొనే ఉంటాయి. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదని నిర్ధారించుకొన్న తరువాత నిపుణుడు చేయవలసిన పని ఇది. మన జిల్లాలలో పుత్తూరు కట్టుకు ఎంత ప్రసిద్ధి ఉన్నా, జారిన భుజాన్ని ఇంటిలో ఎవరో ఒకరు పట్టి లాగడం తగదు.

ఆ గ్రీకు గ్రంథంలో నన్ను కదిలించిన భాగం మరొకటి ఉన్నది. ఒకసారి జారిన భుజం మళ్ళీ మళ్ళీ జారడంవలన, మరి అన్నివిధాలా సమర్థులైన మల్లులు వ్యాయామశాలను విడిచిపెట్టవలసి వచ్చినదని, యుద్ధంలో ఆయుధం పట్టలేక కొందరు ప్రాణాలే పోగొట్టుకొన్నారని ఆయన వ్రాసినాడు. దానికి ఆయన చెప్పిన చికిత్స భయంకరమైనది: చంకలోని చర్మాన్ని ఎఱ్ఱగా కాల్చిన ఇనుముతో వాత పెట్టడం. ఆ మచ్చ బిగిసి ఎముకను పట్టి ఉంచుతుందని ఆశ. మళ్ళీ మళ్ళీ జారే భుజానికి అసలు కారణాన్ని 1923లో బాంకార్ట్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు స్పష్టంగా చూపినాడు. గుంట అంచున వలయంగా ఉండే మృదువైన పట్టీ ముందువైపున ఊడిపోవడమే ఆ కారణం. అది ఊడితే చెంచాకు ఉన్న కొద్దిపాటి అంచు కూడ పోయినట్లే. చిన్న వయస్సులో, ముఖ్యంగా ఇరవై ఏండ్లలోపున, మొదటిసారి జారినవారికి మళ్ళీ జారే ప్రమాదం చాల ఎక్కువ. అందుచేత కబాడీలోనో కుస్తీలోనో కుఱ్ఱవానికి గూడ జారి సర్దుకొన్నదంటే, అంతటితో తీరినదనుకొని మరుసటివారమే బరిలోకి పంపడం పొరపాటు.

సుశ్రుతుడు జారిన భుజాన్ని గురించే కాదు, జారకుండ ఎట్లా బ్రతకాలో కూడ చెప్పినాడు. వ్యాయామాన్ని తన బలంలో సగంవరకే చేయవలెనని ఆయన నియమం. సగమైనదని ఎట్లా తెలుస్తుంది? హృదయస్థానంలో ఉన్న వాయువు నోటిదాక వచ్చినప్పుడు, అంటే నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు, అదే అర్ధబలానికి గుర్తు అన్నాడు. తూనికరాళ్ళు లేని కొలత ఇది. ఈ అర్ధబలమనే మాటను దయచేసి గుర్తుంచుకోండి. ముద్గరం కథ అంతా దీనిమీదనే నడుస్తుంది.

ముద్గరమనే మాట మనకు క్రొత్తది కాదు. భజగోవిందానికి మోహముద్గరమని మరొక పేరు ఉన్నది. మోహాన్ని మోదే గుదియ అని అర్థం. కాని జెట్టి చేతిలోని ముద్గరం దేనినీ మోదదు. అది గాలిలో తిరుగుతుంది, అంతే. సన్నని పిడి, క్రిందికి పోయేకొద్దీ లావెక్కే కొయ్య. ఒకటి త్రిప్పితే ముద్గరం. రెండు చేతులా రెండు పట్టితే జోడీ. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో కూర్చిన మానసోల్లాసంలో మల్లవినోదమనే ప్రకరణం ఉన్నది. మల్లుల తరగతులు, వారి ఆహారం, వారి సాధన అందులో వివరంగా కనబడతాయి. కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యుల సామంతులే గనుక, ఆ మల్లవిద్య మన తెలుగుసీమకు పరాయిది కాదు.

ముద్గరాన్ని త్రిప్పినప్పుడు భుజంలో ఏమి జరుగుతుంది? దాని బరువు పిడిలో లేదు, చివరలో ఉన్నది. త్రిప్పేకొద్దీ అది చేతిని బయటికి లాగుతుంది. ఆ లాగుడుకు ఎముక తల గుంటలోనుంచి తొలగకుండ నాలుగు చిన్న కండరాలూ ప్రతి చుట్టులోను తమ పని తాము చేయక తప్పదు. ముద్గరం తలవెనుకకు పోయినప్పుడు చేయి బయటికి తిరుగుతుంది. ముందుకు వచ్చినప్పుడు లోపలికి తిరుగుతుంది. రెక్క ఎముక వీపుమీద పైకీ క్రిందికీ జరుగుతుంది. బరువు ఎత్తడంలో దిక్కు ఒక్కటే. ముద్గరంలో దిక్కులన్నీ ఉన్నాయి. చిన్న కండరాలకు సాధన చేయించాలని ఎవరికి తోస్తుందని ఇంతకుముందు అడిగినాను. శరీరశాస్త్ర గ్రంథం చూడని గరిడీ గురువులకు తోచినది.

19వ శతాబ్ది ఆరంభంలో ఇక్కడి సిపాయిలు, జెట్టిలు ఈ సాధన చేస్తుండగా ఇంగ్లీషు సైనికోద్యోగులు చూచి మెచ్చుకొని తమ దేశానికి తీసుకొని పోయినారు. వారి పటాలాలలో అది డ్రిల్లుగా ప్రవేశించినది. 1834లో డోనల్డ్ వాకర్ అనే ఆయన పురుషుల వ్యాయామాలను గురించి లండనులో ప్రకటించిన గ్రంథం ద్వారా ఇటువంటి సాధనకు పౌరులలోను ప్రచారం వచ్చినది. రెండేండ్లకు ఆయనే స్త్రీలకోసం మరొక గ్రంథం వ్రాసి, అందులో ముద్గరాన్ని బాగా తేలిక చేసి, భారతీయ రాజదండమని పేరు పెట్టినాడు. బిగుతైన రవికెలు తొడిగి, చేయి భుజంపైకి ఎత్తడమే అరుదైన ఆనాటి ఇంగ్లీషు కులస్త్రీలకు ఇది ఎంత మేలు చేసి ఉంటుందో ఊహించవచ్చును.

తరువాత అట్లాంటిక్ సముద్రం దాటడం. న్యూయార్కు వర్తకుడు సిమ్ కీహో 1860 తరువాత ఇంగ్లండులో హారిసన్ అనే ప్రసిద్ధ సాధకుని చూచి ముగ్ధుడై, స్వదేశంలో ముద్గరాల తయారీ మొదలుపెట్టి, 1866లో వాటిని గురించి ఒక సచిత్ర గ్రంథం ప్రకటించినాడు. తిరుగుడు పట్టిన కొయ్య వేలకొలదిగా తయారై బళ్ళలోను, క్రైస్తవ యువజన సంఘాల వ్యాయామశాలలలోను ప్రవేశించినది. పియానో వాయిస్తూ ఉంటే వరుసలు కట్టి పిల్లలు ముద్గరాలు త్రిప్పేవారు. 1904లో సెయింట్ లూయీ ఒలింపిక్ క్రీడలలో అది ఒక పోటీ అంశం కూడ అయినది. ఎడ్వర్డ్ హెన్నిగ్ అనే అమెరికను నెగ్గినాడు. మళ్ళీ 1932లో లాస్ ఏంజిలిస్ క్రీడలలో జార్జి రాత్ అనే మరొక అమెరికను స్వర్ణపతకం పొందినాడు. ఆర్థికమాంద్యం వలన అతనికి ఆనాడు ఉద్యోగం లేదు. పతకం జేబులో వేసుకొని, దారిన పోయే కారును బ్రతిమాలి ఎక్కి ఇల్లు చేరుకొన్నాడని చెబుతారు. ముద్గరానికి ఒలింపిక్ పోటీలలో ప్రత్యేక స్థానం అంతటితో ముగిసినది. 1984లో స్త్రీల లయబద్ధ జిమ్నాస్టిక్స్‌ను ఒలింపిక్స్‌లో చేర్చినప్పుడు బంతి, వలయం, పట్టెడలతోపాటు చిన్న ముద్గరాల జత కూడ కనబడినది గాని, అది జెట్టి ముద్గరానికి దూరపు చుట్టం.

నా అభిప్రాయంలో ఈ సాధన రెండు విధాలుగా చెడినది. పడమట పోటీకోసం, కంటికి వేగం కనబడడంకోసం, కొయ్యను తేలిక చేసి చేసి చివరకు అది మణికట్టు నేర్పుగా మారినది. ఇక్కడ దానికి విరుద్ధం జరిగినది. కాశీవంటి చోట్ల జోడీ పందెపు వస్తువై, ఎవరు ఎక్కువ బరువును ఎక్కువసార్లు త్రిప్పితే వారిది గెలుపు అయినది. కొయ్యకు మేకులు దిగగొట్టి, చేయి వంకర పోతే ఒళ్ళు చీరుకొనేటట్లు చేసిన జోడీలు కూడ ఉండేవి. ఒకచోట ఆటబొమ్మ, మరొకచోట పరాక్రమ పరీక్ష. అర్ధబలమన్న కొలతను ఇద్దరూ మరచినారు. భుజానికి ఎప్పుడూ కావలసినది ఆ రెంటికీ నడుమ ఉన్నది.

సముద్రాలు దాటిన ముద్గరం మన దేశానికి మరల వచ్చిన తీరు మరీ చిత్రం. ఇంగ్లీషు బళ్ళ డ్రిల్లు మన బళ్ళకు వచ్చినప్పుడు, దానితోపాటు మన ముద్గరమే ఇండియన్ క్లబ్బు అనే పేరుతో, అంకెలు లెక్కపెట్టే ఇంగ్లీషు ఆజ్ఞలతో తిరిగి వచ్చినది. మద్రాసులో 1920లో హెచ్. సి. బక్ స్థాపించిన వై. ఎం. సి. ఎ. వ్యాయామ కళాశాలవంటి చోట్ల శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఈ నూతన విద్యను జిల్లాలకు తెచ్చినారు. వీరఘట్టంలో పుట్టి, ఏనుగును రొమ్మున నిలుపుకొని దేశమంతటా పేరు పొందిన కోడి రామమూర్తినాయుడుగారు కూడ సర్కసు పెట్టకముందు విజయనగరంలో వ్యాయామోపాధ్యాయులే. గరిడీ, డ్రిల్లూ ఒకే మనిషిలో కలిసిన కాలమది.

మా మాతామహులు కృష్ణాజిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో డ్రిల్లు మాస్టారు. బడిలో వాటిని క్లబ్బులనేవారు. సాయంకాలం తాలింఖానాలో అవే జోడీలు. పేరు మారినా ఆయన పద్ధతి మారలేదని మా అమ్మ చెప్పేది. క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవాడు ఎంత బ్రతిమాలినా మొదటి నెల జోడీని ముట్టనిచ్చేవారు కారట. "ముందు వట్టి చేతులు త్రిప్పరా అబ్బాయీ! నీ భుజానికి దారి తెలియనీ. బరువు ఎక్కడికీ పారిపోదు" అనేవారట. ఆయన పోయిన తరువాత ఆ జత మా అటకమీదికి చేరినది. నేను వాటిని చాలకాలం పెళ్ళివారి పీటల జాబితాలోని వస్తువులవలెనే చూచినాను.

నాలుగేండ్ల క్రిందట నాకు నలభైరెండవ ఏట, మా రేడియో కేంద్రపు గ్రంథాలయంలో పై అరలోని ఒక పాత నాదస్వరం రికార్డు తీయబోయి చేయి ఎత్తినాను. చేయి భుజం మట్టానికి వచ్చి ఆగిపోయినది. మొదట నొప్పి, రాత్రి ఆ ప్రక్కకు ఒత్తిగిలితే మెలకువ. మూడు నెలలు గడిచేసరికి చొక్కా తొడుక్కోవడం ఒక సాహసకార్యమైనది. ఇంటిలో నవ్వుకొన్నారు గాని, ఆడవారికి ఇదే వస్తే జడ వేసుకోవడం, రవికె ముడి బిగించడం కూడ చేతకాదని వైద్యులు చెప్పినప్పుడు నవ్వు ఆగినది. భుజం గడ్డకట్టిందని ఆయన అన్నారు.

ఈ జబ్బుకు కూడ చరిత్ర ఉన్నది. వాయువు భుజాన్ని ఆశ్రయించి అక్కడి బంధనాలను శోషింపజేస్తుందని సుశ్రుతుడు అవబాహుకమనే పేరుతో చెప్పిన రోగం ఇదేనని ఆయుర్వేద వైద్యులు అంటారు. 1872లో పారిసు నగరంలో డ్యుప్లే అనే వైద్యుడు దీనిని కీలు చుట్టూ ఉన్న భాగాల వాపుగా వర్ణించినాడు. గడ్డకట్టిన భుజమనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు పెట్టినది బోస్టను వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్. 1945లో నెవియాజర్ అనే అమెరికను, కీలు చుట్టూ సంచివలె ఉండే పొర మందమెక్కి కుదించుకొనిపోవడమే దీని స్వరూపమని చూపినాడు.

కాడ్మన్ సంగతి కొంచెం చెప్పాలి. శస్త్రచికిత్స చేసిన ప్రతి రోగినీ ఏడాది తరువాత మళ్ళీ పరీక్షించి, మంచి జరిగినదో చెడు జరిగినదో బహిరంగంగా ప్రకటించవలెనని ఆయన పట్టుపట్టినాడు. ఇది తోటి వైద్యులకు రుచించలేదు. 1915లో ఒక సభలో వారి లాభాపేక్షను వెక్కిరించే వ్యంగ్యచిత్రాన్ని ప్రదర్శించి, ఆయన మరీ ఒంటరివాడైనాడు. ఆ ఒంటరితనంలో ఆయన ఏండ్ల తరబడి భుజాన్ని పట్టుకొని కూర్చున్నాడు. 1934లో వెలువడిన ఆయన గ్రంథం మొత్తం ఆ ఒక్క కీలును గురించినదే. గడ్డకట్టిన భుజాన్ని నిర్వచించడమూ, నయం చేయడమూ, కారణం చెప్పడమూ మూడూ కష్టమేనని అంత పరిశోధించినవాడే ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీవల్లనే కాబోలు ఆయన మాట ఈనాటికీ నిలిచినది.

ఆయన పేరుతో ప్రసిద్ధమైన సాధన ఒకటి ఉన్నది. నడుము వంచి, రెండవ చేతిని బల్లమీద ఆనించి, నొప్పి ఉన్న చేతిని బావిలోకి వదిలిన చేదవలె వట్టిగా వ్రేలాడవిడిచి, శరీరాన్ని మెల్లగా ఊపితే చేయి తనంత తానే ముందుకు, వెనుకకు, గుండ్రంగా ఊగుతుంది. కండరం ఎత్తదు; భూమ్యాకర్షణే పని చేస్తుంది. మా వైద్యులు నాకు చెప్పినది ఇదే. దీనిని మొదటిసారి చేసినప్పుడు నాకు మా తాతగారి మాట గుర్తు వచ్చినది: ముందు వట్టి చేతులు.

ఆ ఉత్సాహంలో అటకమీది జోడీల సంగతి ఆయనను అడిగినాను. ఇప్పుడు కాదన్నారు. నొప్పి చురుకుగా ఉన్న దశలో బలవంతం చేస్తే ఆ పొర ఇంకా రేగుతుందట. ఈ రోగం మొదట నొప్పిగాను, తరువాత బిగువుగాను, చివర సడలింపుగాను నడుస్తుంది. మొత్తం ఏడాదినుంచి మూడేండ్లవరకు పట్టవచ్చును. సాధారణంగా నలభైకి, అరవైకి నడుమ వయస్సువారికి వస్తుంది. మధుమేహం ఉన్నవారికి మరింత తరచుగా వస్తుంది, త్వరగా వదలదు. కారణం లేకుండ భుజం బిగిస్తే రక్తంలో చక్కెర పరీక్ష చేయించడం మంచిదని ఆయన చెప్పిన మాట మన ఇండ్లలో అందరూ వినదగినది. నా పరీక్షలో చక్కెర లేదు, అదృష్టమనే అనుకొంటున్నాను.

గడ్డకట్టిన భుజం వేరు, అరిగిన భుజం వేరు. ఇండ్లకు వెల్లవేసేవారు, కల్లుగీత కార్మికులు, వల విసిరే బెస్తవారు, బండమీద బట్ట ఉతికే చాకలివారు చేతిని భుజానికి పైన ఎత్తి వేలసార్లు ఒకే కదలిక చేస్తారు. ఎముకకు, పైకప్పువంటి మరొక ఎముకకు నడుమ నుండి పోయే కండరబంధం క్రమంగా పీచుపీచు అవుతుంది. చేయి ఎత్తుతుంటే సగం దారిలో నొప్పి పుట్టి, పూర్తిగా పైకి పోయిన తరువాత తగ్గడం దీని సాధారణ లక్షణం. వీరికి ముద్గరాలు త్రిప్పమని ఉపన్యసించడం నాకు సిగ్గుగా తోస్తుంది. వారు పగలంతా త్రిప్పుతూనే ఉన్నారు. వారికి కావలసినది నిచ్చెనమీద ఒక మెట్టు పైకి ఎక్కే వీలు, పనిలో చేయి మార్చుకొనే వీలు, నొప్పి మొదలైననాడే విశ్రాంతి తీసుకొన్నా కూలి పోదన్న ధైర్యం. మన పల్లెలలో వడ్లు దంచేటప్పుడు అమ్మలక్కలు కొన్ని పోట్లకొకసారి రోకలిని ఒక చేతినుంచి మరొక చేతికి మార్చుకొనేవారు. ఆ మార్పిడి పాటలోని తాళంకోసమే అనుకొనేవాడిని. భుజంకోసం కూడ అయి ఉండవచ్చును.

కుర్చీలలో కూర్చొనే నావంటివారి సంగతి దీనికి తలక్రిందు. మా చేతులు రోజంతా బల్ల మట్టాన్ని దాటవు. ఆదివారంనాడు ఉన్నట్టుండి అటకమీది సామాను దించడానికో, పిల్లలతో క్రికెట్టులో బంతి విసరడానికో పూనుకొంటాము. వేడి ఎక్కని కీలు, సిద్ధంగా లేని చిన్న కండరాలు, ఒక్కసారిగా పూర్తి బలం. రాయలు గుఱ్ఱమెక్కడంతో మొదలుపెట్టలేదు గదా!

ఏడాదిన్నర గడిచిన తరువాత ఒకనాడు వైద్యులు నా చేతిని అటూ ఇటూ త్రిప్పి చూచి, ఇక జోడీలు దించుకోవచ్చునన్నారు. దించి తుడిచినాను. ఒక్కొక్కటి కిలోకు కొంచెం తక్కువ. పిడివద్ద తాతగారి చేతి నునుపు ఇంకా ఉన్నది. మొదట ఒక నెల వట్టి చేతులే త్రిప్పినాను. తరువాత ఒక్క ముద్గరంతో ముందుకు పది చుట్లు, వెనుకకు పది చుట్లు; నోటితో ఊపిరి తీయవలసి వస్తే ఆపడం. ఇప్పటికీ అంతే. లెక్క పెంచలేదు.

కిందటి దసరా కార్యక్రమానికి ఆ నాదస్వరం రికార్డును పై అరనుంచి నేనే తీసి ఇచ్చినాను. ఇంటిలో మాత్రం ఒక నష్టం జరిగినది. వెనుకవైపు చుట్టు వేసేటప్పుడు ముద్గరం తగిలి గదిగోడకు అరచేతి వెడల్పున సున్నం రాలినది. దానిని ఎవరు పూయాలనే విషయంలో మా ఇంట చర్చ జరుగుతున్నది. పై అరకు చేయి అందేవాడే గోడకూ అందుతాడని మా ఆవిడ వాదన.